పాత వెబ్‌క్యామ్ డ్రైవర్‌ను సాగనంపడం ఎలా

మా నాన్నకు చేతిగడియారాలు విప్పి బాగుచేయడం సరదా. విప్పిన గడియారాన్ని కెమెరా ముందు పెట్టి, ఎక్కడో ఉన్న స్నేహితుడికి చూపిస్తూ "ఈ చక్రం పన్ను అరిగిందంటావా?" అని అడుగుతుంటారు. ఆ పనికి కొత్త కెమెరా ఆయనకు నచ్చలేదు. దాని ఫోకస్ కదలదు, జానెడు దూరంలో ఏది పెట్టినా మసకే. లెన్సు చుట్టూ చేత్తో తిప్పే రింగ్ ఉన్న పాత కెమెరా ఒకటి సొరుగులో ఉంటే, దాన్ని తీసి తగిలించారు. బొమ్మ రాలేదు.

"అమ్మాయ్, ఇది చచ్చిపోయిందా, నువ్వు చంపావా?" అని ఫోన్.

చచ్చిపోయిందనే చెప్పాను. నాన్న కంప్యూటర్‌లో నడిచేది లినక్స్. కెమెరాను దానితో మాట్లాడించే డ్రైవర్‌ను 2008లో నేనే సోర్స్ తెచ్చి కంపైల్ చేసి పెట్టాను. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్ మారినప్పుడల్లా, వాళ్ళూ వీళ్ళూ పంచిన ప్యాచ్‌లు, అంటే చిన్న సవరణలు, అతికిస్తూ మళ్ళీ కంపైల్ చేసేదాన్ని. 2011లో ఎన్ని అతికించినా ఇక కుదరలేదు. కెమెరా సొరుగులోకి వెళ్ళింది. కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను.

రెండు గంటలు ఫోన్‌లో కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, ఆ కెమెరాకు డ్రైవర్ 2008 అక్టోబరు నుంచే కెర్నల్‌లో ఉంది. అది లోపలికి రాకుండా తలుపుకి గడియ పెట్టింది నేను.

అందుకే ఇందులో కొత్త డ్రైవర్ వేసుకోవడం గురించి పెద్దగా ఏమీ ఉండదు. అది ముందే వేసి ఉంటుంది. మనం ఎప్పుడో చేసిన మరమ్మతుల్ని వెతికి తీయడమే అసలు పని.

ఒక్క మాట. కమాండ్లను ఇక్కడ నాన్నకు ఫోన్‌లో చెప్పినట్టే, పలికే తీరులో రాస్తున్నాను. టెర్మినల్ అనే కమాండ్ల కిటికీలో టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పేరు మధ్యలో కింద గీత కనిపిస్తే అది అండర్‌స్కోర్. స్పెల్లింగ్ అనుమానం వస్తే మొదటి నాలుగు అక్షరాలు కొట్టి టాబ్ కీ నొక్కండి, మిగతాది అదే పూరిస్తుంది. నాన్నకు ఈ కిటుకు నేర్పాక మా పని సగానికి తగ్గింది.

కెమెరా ఎవరిదో కాదు, ఏమిటో చూడండి

డబ్బా మీద ఉన్న కంపెనీ పేరు ఎందుకూ పనికిరాదు. ఒకే చిప్‌ను పదిమంది పది పేర్లతో అమ్మిన రోజులవి. కెమెరా తగిలించి ఇది కొట్టండి:

ఎల్ఎస్‌యూఎస్‌బీ

వచ్చిన వరుసల్లో 'ఐడీ' పక్కన రెండు భాగాల సంఖ్య ఉంటుంది. నాన్న కెమెరాకు 0ఏసీ8:301బీ అని వచ్చింది. ముందు సగం చిప్ తయారుచేసిన జెడ్-స్టార్ సంస్థది, వెనక సగం జెడ్‌సీ0301 అనే చిప్‌ది. ఆ సంఖ్యను కాగితం మీద రాసుకోండి, చివరిదాకా దానితోనే పని. తర్వాత:

ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ

ఇది చెట్టులా ఒక పటం గీస్తుంది. కెమెరా ఉన్న వరుసలో 'క్లాస్=' పక్కన 'వీడియో' అని ఉంటే మీరు అదృష్టవంతులు. అది యూవీసీ కెమెరా. యూఎస్‌బీ వీడియో క్లాస్ అనే ఉమ్మడి ఒప్పందం ప్రకారం మాట్లాడుతుంది కాబట్టి, ఎవరు తయారుచేసినా ఒకే డ్రైవర్ చాలు. దాని పేరు యూవీసీవీడియో. లారెంట్ పిన్‌షార్ రాసిన ఈ డ్రైవర్ 2008 జులైలో వచ్చిన 2.6.26 కెర్నల్‌లో చేరింది.

'వీడియో' బదులు 'వెండర్ స్పెసిఫిక్' అని ఉంటే అది యూవీసీకి ముందు తరంది, సొంత భాష మాట్లాడే రకం. ఇలాంటి వాటిలో చాలా భాగానికి జీఎస్‌పీసీఏ అనే డ్రైవర్ కుటుంబం ఉంది. దీని పుట్టుక నాకు భలే ఇష్టం. ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ జార్ అనే వైద్యుడు తన తీరిక వేళల్లో రెండు వందలకు పైగా కెమెరాలకు డ్రైవర్ రాశాడు. అది కెర్నల్ బయట ఉండేది, మాలాంటివాళ్ళం తెచ్చుకుని కంపైల్ చేసుకునేవాళ్ళం. జాఁ-ఫ్రాన్స్వా మోయిన్ దాన్ని తిరగరాసి రెండో వెర్షన్‌గా తయారుచేస్తే, అది 2008 అక్టోబరులో 2.6.27 కెర్నల్‌లోకి వెళ్ళింది. నేను మొదటి వెర్షన్‌ను చంకలో పెట్టుకుని తిరుగుతూ రెండోదాన్ని పట్టించుకోలేదు.

రెండింటినీ గుర్తుపట్టడం తేలిక. ఎక్కి ఉన్న డ్రైవర్ల జాబితా చూపే 'ఎల్ఎస్‌మాడ్' కొట్టినప్పుడు ఉత్త 'జీఎస్‌పీసీఏ' అనో 'ఎస్‌పీసీఏ5ఎక్స్‌ఎక్స్' అనో కనిపిస్తే బయటి పాతది. 'జీఎస్‌పీసీఏ_మెయిన్', దానికి తోడు చిప్ పేరుతో ఇంకొకటి కనిపిస్తే కెర్నల్‌ది.

కెర్నల్‌కు మీ కెమెరా తెలుసా?

యూవీసీ అయితే ఈ ప్రశ్నే అక్కర్లేదు. జీఎస్‌పీసీఏ అయితే, కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో 'జీఎస్‌పీసీఏ కార్డ్‌లిస్ట్' అనే పట్టిక ఉంది. అందులో మీ సంఖ్య వెతికితే ఎదురుగా మాడ్యూల్ పేరు, అంటే కెర్నల్‌కు విడిగా తగిలే డ్రైవర్ ముక్క పేరు, ఉంటుంది. మా దానికి జెడ్‌సీ3ఎక్స్‌ఎక్స్. ఆ మాడ్యూల్ మీ మెషీన్‌లో ఉందో లేదో చూడాలంటే:

మాడ్‌ఇన్ఫో జీఎస్‌పీసీఏ_జెడ్‌సీ3ఎక్స్‌ఎక్స్

ఇది కుప్పలుగా వరుసలు కక్కుతుంది. వాటిలో మూడే చూడండి. 'ఎలియస్' వరుసల్లో వీ0ఏసీ8పీ301బీ అని, అంటే మీ సంఖ్యలోని రెండు సగాలే 'వీ', 'పీ' అక్షరాల పక్కన ఇమిడి కనిపించాలి. 'ఇన్‌ట్రీ' పక్కన 'వై' ఉండాలి, కెర్నల్‌తో పాటు వచ్చిందని గుర్తు. 'ఫైల్‌నేమ్' దారిలో 'కెర్నల్/డ్రైవర్స్/మీడియా/యూఎస్‌బీ' అని ఉండాలి. ఆ దారిలో 'అప్‌డేట్స్' అనో 'ఎక్స్‌ట్రా' అనో 'డీకేఎంఎస్' అనో ఉంటే అది బయటి నుంచి వచ్చి కూర్చున్న డ్రైవర్. ఒకే పేరుతో రెండు ఉన్నప్పుడు సాధారణంగా 'అప్‌డేట్స్' ఫోల్డర్‌లోదే ముందు దొరుకుతుంది. అందుకే పాతది కొత్తదాన్ని నిశ్శబ్దంగా మింగేస్తుంది. యూవీసీ కెమెరా ఉన్నవాళ్ళు ఇదే పరీక్ష యూవీసీవీడియో పేరుతో చేయండి.

అసలు మాడ్యూలే లేదని వస్తే కంగారు పడకండి. కొన్ని పంపిణీలు (డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు) తక్కువ వాడే మాడ్యూళ్ళను 'ఎక్స్‌ట్రా' అనే పేరున్న విడి ప్యాకేజీలో పెడతాయి. అది వేసుకుని మళ్ళీ చూడండి.

తీసే ముందు

ఏ ఫైల్‌నైనా చెరిపే ముందు హోమ్ ఫోల్డర్‌లో ఒక మూలకు కాపీ చేసుకోండి. బూట్ మెనూలో పాత కెర్నల్ ఒకటి ఉండనివ్వండి. ఇంకో గంటలో వీడియో మీటింగ్ ఉండగా ఈ పనికి దిగకండి. ఈ చివరిది అనుభవం మీద చెబుతున్నాను, వివరాలు అడగొద్దు.

డీకేఎంఎస్ నుంచి వచ్చినవి

మా ఆఫీసు మీటింగ్ గదిలో ఒక కెమెరా ఉంది. దానితో పాటు తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను ఎవరో ఎప్పుడో వేశారు. కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ, బయటి డ్రైవర్లను దానంతటదే కంపైల్ చేసే డీకేఎంఎస్ అనే పనిముట్టు దాన్ని మళ్ళీ కంపైల్ చేయబోయి చతికిలపడేది, దాంతో అప్‌డేట్ మొత్తం సగంలో ఆగేది. కొత్త కెర్నల్‌కు తగ్గట్టు డ్రైవర్‌ను ఎవరో ఒకరు సరిదిద్దాలి కదా, ఆ తయారీదారు ఎప్పుడో మానేశాడు. చాలాకాలం నేనూ ప్రతిసారీ తిట్టుకుంటూ సోర్స్‌లో రెండు వరుసలు మార్చి నడిపించాను. ఒకరోజు ఎందుకో 'ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ' కొట్టాను. క్లాస్=వీడియో. ఆ కెమెరాకు విడిగా డ్రైవర్ అవసరం ఏనాడూ లేదు. ఆ తయారీదారు డ్రైవర్ యూవీసీవీడియోకే కాస్త రంగు పూసిన కాపీ.

మీ దగ్గర ఏమున్నాయో చూడండి:

డీకేఎంఎస్ స్టేటస్

పేరు, వెర్షన్, ఏ కెర్నల్‌కు కట్టిందో వస్తాయి. అది ప్యాకేజీగా వచ్చి ఉంటే ప్యాకేజీనే తీసేయండి, డెబియన్ తరహా వాటిలో 'ఏపీటీ పర్జ్', ఫెడోరాలో 'డీఎన్‌ఎఫ్ రిమూవ్'. ప్యాకేజీ లేకుండా చేత్తో ఎక్కించినదైతే:

సూడో డీకేఎంఎస్ రిమూవ్ పేరు/వెర్షన్ --ఆల్

ఆ తర్వాత /యూఎస్ఆర్/ఎస్ఆర్‌సీ కింద ఆ పేరుతో మిగిలిన ఫోల్డర్‌నూ తీసేయండి. ఉంచితే ఎప్పుడో ఒకరోజు మీరో మీ తర్వాతివాళ్ళో దాన్ని మళ్ళీ ఎక్కిస్తారు.

జాగ్రత్త, ఆ జాబితాలో కెమెరా వాసన ఉన్నవన్నీ పాతవి కావు. 'వీ4ఎల్2లూప్‌బ్యాక్' కనిపిస్తే కదిలించకండి. ఒక ప్రోగ్రామ్ పంపే వీడియోను ఇంకో ప్రోగ్రామ్‌కు కెమెరాలా చూపించే ఉత్తుత్తి కెమెరా అది. కెర్నల్ బయట ఉండడం దానికి మామూలే.

సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఉన్న మెషీన్లలో ఇంకో తిప్పలు. సంతకం లేని బయటి మాడ్యూల్‌ను కెర్నల్ గుమ్మం బయటే ఆపేస్తుంది, 'కీ వాజ్ రిజెక్టెడ్' అని విసుక్కుంటుంది. చాలామంది దీనికోసం సెక్యూర్ బూట్‌నే ఆపేస్తారు. కెర్నల్‌తో వచ్చిన మాడ్యూల్‌కు పంపిణీదారు సంతకం ముందే ఉంటుంది కాబట్టి ఆ గొడవే లేదు. కెమెరా కోసం ఆపి ఉంటే మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు.

'మేక్ ఇన్‌స్టాల్'తో వచ్చినవి

ఇవి సోర్స్ నుంచి కంపైల్ చేసి చేత్తో పెట్టినవి, మొండివి. ఎవరి లెక్కల్లోనూ ఉండవు. వెతకాలి:

ఫైండ్ /లిబ్/మాడ్యూల్స్ -నేమ్ '*జెడ్‌సీ3*'

మీ చిప్‌కు తగ్గ పేరు పెట్టుకోండి. 'జీఎస్‌పీసీఏ*' అని వెతికినా మంచిదే. దొరికిన ప్రతి ఫైల్ ఏ ప్యాకేజీదో అడగండి. డెబియన్ తరహాలో 'డీపీకేజీ -పెద్ద ఎస్' పక్కన ఆ దారి, ఫెడోరా తరహాలో 'ఆర్‌పీఎం -క్యూఎఫ్' పక్కన ఆ దారి. ఏ ప్యాకేజీదీ కాదని వస్తే అది మీరు పెట్టిందే.

ఇక్కడ ఒక గుంత ఉంది. ఇప్పటి పంపిణీల్లో /లిబ్ అనేది /యూఎస్ఆర్/లిబ్‌కు ఒక లింకు మాత్రమే. ప్యాకేజీ లెక్కల్లో ఒక దారి రాసి ఉండి మీరు ఇంకో దారితో అడిగితే, సొంత ఫైల్‌ను కూడా నాది కాదంటుంది. కాబట్టి రెండు దారులతోనూ అడిగి, రెండుసార్లూ కాదంటేనే చెరపండి. నేను మొదటి జవాబునే నమ్మి నాన్న చేత నిక్షేపంలాంటి కెర్నల్ మాడ్యూల్‌ను చెరిపించాను. కెర్నల్ ప్యాకేజీని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే తిరిగొచ్చింది అనుకోండి. పాత డ్రైవర్ ఏకంగా కెర్నల్ ఫైల్ మీదే పడి దాన్ని తుడిచేసి ఉంటే దానికీ మందు ఇదే, కెర్నల్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేయడం.

గడియలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డ్రైవర్‌ను తీసేయడం ఎవరికైనా గుర్తుంటుంది. ఆ డ్రైవర్ కోసం చేసిన ఏర్పాట్లు గుర్తుండవు.

2009లో కెర్నల్ మార్చినప్పుడు నా డ్రైవర్‌కు, కెర్నల్‌లో కొత్తగా వచ్చిన డ్రైవర్‌కు తగువొచ్చింది. రెండూ ఒకే కెమెరాను పట్టుకోబోయేవి. నేను నా దాని పక్షం వహించి, కెర్నల్‌దాన్ని నిషేధించాను. నాన్న మెషీన్ మారింది, డిస్క్ మారింది, పంపిణీ ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ అయిందో లెక్కలేదు. సిస్టమ్ సెట్టింగులుండే /ఈటీసీ ఫోల్డర్ మాత్రం ఎప్పుడూ చెక్కుచెదరకుండా వెంట వచ్చింది. మొన్న నాన్న ఫోన్‌లో ఆ ఫైల్ చదివి వినిపించారు: "బ్లాక్‌లిస్ట్ జీఎస్‌పీసీఏ_జెడ్‌సీ3ఎక్స్‌ఎక్స్. పైన ఏదో రాశావమ్మా. 'ఇది తీస్తే నాన్న కెమెరా పోతుంది, తీయొద్దు' అని ఉంది."

ఇలాంటివి వెతకడానికి:

గ్రెప్ -ఆర్ఐ 'జీఎస్‌పీసీఏ' /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ /ఈటీసీ/మాడ్యూల్స్ /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డీ /ఈటీసీ/యూడెవ్

దీన్నే యూవీసీవీడియో పేరుతో, మీ పాత డ్రైవర్ పేరుతో మళ్ళీ నడపండి. మాడ్‌ప్రోబ్.డీలో మూడు రకాల వరుసలు దొరకొచ్చు.

'బ్లాక్‌లిస్ట్'తో మొదలయ్యేది మొదటి రకం. దీని గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అది మాడ్యూల్‌ను పూర్తిగా ఆపదు. కెమెరా తగిలించినప్పుడు దానంతటది ఎక్కకుండా మాత్రమే ఆపుతుంది. మీరు చేత్తో 'సూడో మాడ్‌ప్రోబ్ జీఎస్‌పీసీఏ_జెడ్‌సీ3ఎక్స్‌ఎక్స్' అంటే శుభ్రంగా ఎక్కుతుంది. దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు: చేత్తో ఎక్కిస్తే కెమెరా పనిచేసి, రీబూట్ చేస్తే మళ్ళీ పోతోందంటే ఎక్కడో బ్లాక్‌లిస్ట్ ఉన్నట్టే. మాకు గుట్టు దొరికింది ఇలాగే.

రెండో రకం 'ఇన్‌స్టాల్' అని మొదలై, మాడ్యూల్ పేరు తర్వాత '/బిన్/ఫాల్స్' అని ముగుస్తుంది. ఇది చేత్తో ఎక్కించినా ఒప్పుకోదు. మూడోది 'ఆప్షన్స్'. పాత డ్రైవర్‌కు ఇచ్చిన సెట్టింగులు కొత్తదానికి అర్థం కాకపోతే అది డీమెస్‌జీలో (కెర్నల్ సందేశాల చిట్టాలో) 'అన్‌నోన్ పారామీటర్' అని గొణిగి ముందుకు పోతుంది, ప్రమాదం లేదు. కానీ యూవీసీవీడియోకు 'క్విర్క్స్=2' అనో 'క్విర్క్స్=128' అనో ఎవరి సలహా మీదో రాసుకుని ఉంటే ఒకసారి తీసి చూడండి. మొదటిది కొన్ని కెమెరాలతో బేరమాడే పద్ధతిని మారుస్తుంది, రెండోది కెమెరా అడిగిన బ్యాండ్‌విడ్త్‌ను నమ్మకుండా డ్రైవరే లెక్క కట్టేలా చేస్తుంది. ఒక కెమెరా కోసం రాసినది ఆ మెషీన్‌కు తగిలించే యూవీసీ కెమెరాలన్నిటికీ వర్తిస్తుంది. అది లేకుండా నడిస్తే లేకుండానే ఉంచండి.

/ఈటీసీలో ఏమీ దొరక్కపోతే /ప్రాక్/సీఎండీలైన్ ఫైల్ చదవండి. బూట్ వరుసలోనే 'మాడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్=' అనో 'మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్=' అనో రాసి ఉండొచ్చు.

ఇంకా కొన్ని చోట్లున్నాయి, చప్పున చెబుతాను. /ఈటీసీ/ఆర్‌సీ.లోకల్‌లో మాడ్‌ప్రోబ్ వరుసలు. పరికరం తగిలించినప్పుడు ఏం చేయాలో చెప్పే యూడెవ్ నియమాల్లో కెమెరాను అందరికీ తెరిచిపెట్టే 'మోడ్=0666' లాంటివి, ఇప్పుడు లాగిన్ అయినవాళ్ళకు ఆ అనుమతి సిస్టమే ఇస్తుంది. ప్రోగ్రామ్‌ల ఐకాన్ల వెనక ఉండే డెస్క్‌టాప్ ఫైళ్ళలో, టెర్మినల్ తెరవగానే నడిచే బ్యాష్ఆర్‌సీలో, ప్రోగ్రామ్‌కు ముందుగా ఒక లైబ్రరీని తగిలించే 'ఎల్‌డీ_ప్రీలోడ్' పక్కన 'వీ4ఎల్1కంపాట్'. ప్రోగ్రామ్‌లు కెమెరాతో మాట్లాడే పద్ధతి అయిన వీడియో ఫర్ లినక్స్ మొదటి వెర్షన్‌ను 2011 మార్చిలో వచ్చిన 2.6.38 కెర్నల్ పూర్తిగా వదిలేసింది, నా డ్రైవర్ కంపైల్ కావడం మానేసింది కూడా అందుకే. ఆ కాలపు ప్రోగ్రామ్‌లను నెట్టుకురావడానికి పెట్టిన కర్ర ఈ కంపాట్. ఆ ప్రోగ్రామ్‌లే పోయాక కర్ర దేనికి?

అన్నీ తీశాక ఈ రెండూ తప్పనిసరి:

సూడో డెప్‌మాడ్ -ఏ
సూడో అప్‌డేట్-ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్

ఫెడోరా తరహాలో రెండోదాని బదులు 'సూడో డ్రాకట్ -ఎఫ్ --రీజెనరేట్-ఆల్'. మాడ్‌ప్రోబ్.డీ ఫైళ్ళ కాపీలు బూట్ సమయంలో వాడే ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ లోపల కూడా ఉంటాయి. ఇది చేయకపోతే మీరు చెరిపిన బ్లాక్‌లిస్ట్ అక్కడ బతికే ఉండొచ్చు.

రీబూట్ చేయకుండానే పాత మాడ్యూల్‌ను 'మాడ్‌ప్రోబ్ -ఆర్'తో దించాలనుకుంటే, 'వాడుకలో ఉంది' అని మొరాయించవచ్చు. 'సూడో ఫ్యూజర్ -వీ /డెవ్/వీడియో0' కొడితే ఎవరు పట్టుకున్నారో చెబుతుంది. చాలాసార్లు బ్రౌజరో, ఆడియో, వీడియోలను చూసుకుంటూ వెనకాల తిరిగే వైర్‌ప్లంబరో దొరుకుతుంది. నేనైతే అన్నీ మూసేసి రీబూట్ చేస్తాను. పాత మాడ్యూల్ ఏదైనా మెమరీలో మిగిలిందేమో అనే టెన్షన్ ఉండదు.

తగిలించి చూడటం

రీబూట్ అయ్యాక కెమెరా తగిలించకుండా ఒక టెర్మినల్‌లో 'సూడో డీమెస్‌జీ -డబ్ల్యూ' నడపండి, అప్పుడు తగిలించండి. జీఎస్‌పీసీఏ అయితే 'జీఎస్‌పీసీఏ_మెయిన్' తన వెర్షన్ చెప్పుకుని, మీ సంఖ్యను 'ప్రోబింగ్' అంటుంది. యూవీసీ అయితే 'ఫౌండ్ యూవీసీ' అని కెమెరా పేరు చెబుతుంది. 'అవుట్-ఆఫ్-ట్రీ మాడ్యూల్ టెయింట్స్ కెర్నల్' అనే మాట వస్తే బయటిది ఇంకా ఏదో ఎక్కుతోందన్నమాట.

ఆ 'టెయింట్' మచ్చకు ఒక అంకె కూడా ఉంది. 'క్యాట్ /ప్రాక్/సిస్/కెర్నల్/టెయింటెడ్' కొడితే ఒక సంఖ్య వస్తుంది. బయటి మాడ్యూల్‌కు 4096, సంతకం లేనిదానికి 8192, రెండూ కలిస్తే 12288. మా మీటింగ్ గది మెషీన్‌లో ఏళ్ళ తరబడి 12288 ఉండేది, పాత డ్రైవర్ తీసి రీబూట్ చేశాక సున్నా అయింది. గ్రాఫిక్స్ కార్డుకో, వర్చువల్ మెషీన్లకో బయటి మాడ్యూల్ వాడుతుంటే మీకు సున్నా రాదు, దాన్ని కెమెరా మీదకు తోయకండి.

తర్వాత వీ4ఎల్-యూటిల్స్ అనే ప్యాకేజీ వేసుకుని:

వీ4ఎల్2-సీటీఎల్ --లిస్ట్-డివైసెస్

యూవీసీ కెమెరా ఒక్కటే ఉన్నా వీడియో0, వీడియో1 అని రెండు కనిపిస్తాయి. 4.16 కెర్నల్ నుంచి యూవీసీవీడియో రెండో నోడ్ కూడా తెరుస్తుంది, అందులో బొమ్మ ఉండదు, ఫ్రేమ్‌ల తాలూకు మెటాడేటా ఉంటుంది. పాత డ్రైవర్ అలవాటున్నవాళ్ళు రెండో దాన్ని ఎంచుకుని, బొమ్మ రాక, కెర్నల్ డ్రైవర్ పనికిమాలిందని మళ్ళీ పాతదాని దగ్గరకు పరిగెత్తుతారు. మొదటిది ఎంచుకోండి చాలు. స్క్రిప్టుల్లో /డెవ్/వీడియో0 అని రాసి ఉంటే /డెవ్/వీ4ఎల్/బై-ఐడీ కింద ఉండే పొడవాటి పేరుతో మార్చండి. తగిలించే వరుస మారినా ఆ పేరు మారదు.

బొమ్మ వస్తుంది, కానీ...

డ్రైవర్ ఎక్కినా నాన్న వాడే ప్రోగ్రామ్‌లో నల్ల తెరే వచ్చింది. దీనికి కారణం పాత, కొత్త డ్రైవర్ల స్వభావంలోనే ఉంది. బయటి డ్రైవర్లు కెమెరా ఇచ్చే విచిత్రమైన ఫార్మాట్‌ను కెర్నల్‌లోనే మామూలు బొమ్మగా మార్చి ఇచ్చేవి. కెర్నల్‌లో ఆ పని చేయకూడదనేది అక్కడివాళ్ళ నియమం, అది సబబే. కాబట్టి జీఎస్‌పీసీఏ కెమెరా ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే పైకి పంపుతుంది. మార్చే పనికి హాన్స్ డి గూడె 2008లో లిబ్‌వీ4ఎల్ అనే లైబ్రరీ రాశాడు. దాన్ని వాడుకునే ప్రోగ్రామ్‌లకు ఇబ్బంది లేదు. వాడుకోనివాటికి ముందు ఇలా తగిలించాలి:

ఎల్‌డీ_ప్రీలోడ్=దారి/లిబ్‌వీ4ఎల్/వీ4ఎల్2కన్వర్ట్.ఎస్‌ఓ ప్రోగ్రామ్‌పేరు

ఇందులో 'ఎల్‌డీ_ప్రీలోడ్' ఒక్కటే పెద్ద అక్షరాల్లో కొట్టాలి. దారి పంపిణీని బట్టి మారుతుంది, 'ఫైండ్ /యూఎస్ఆర్ -నేమ్ వీ4ఎల్2కన్వర్ట్.ఎస్‌ఓ' చెబుతుంది. ఇందాక తీసేయమన్న 'కంపాట్' కర్రకు, దీనికి పోలిక చూసి కంగారు పడకండి. అది పోయిన కాలానిది, ఇది ఇప్పటికీ పనికొచ్చేది.

బొమ్మ తలకిందులుగా వస్తోందా? కొన్ని ల్యాప్‌టాప్‌లలో కెమెరా ముక్కను తలకిందులుగానే బిగించారు. లిబ్‌వీ4ఎల్‌లో అలాంటి మోడళ్ళ జాబితా ఒకటుంది. మీది అందులో లేకపోతే 'లిబ్‌వీ4ఎల్‌కంట్రోల్_ఫ్లాగ్స్=3' అని, ఇదీ అంతా పెద్ద అక్షరాల్లోనే, ఆ ప్రీలోడ్ వరుసకు ముందు చేర్చండి.

బొమ్మలో అడ్డంగా చారలు పాకుతుంటే అది గదిలో దీపాల మినుకు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట 'వీ4ఎల్2-సీటీఎల్ -సీ పవర్_లైన్_ఫ్రీక్వెన్సీ=1', 60 ఉన్న చోట 2. వెలుతురు, రంగుల సెట్టింగులూ ఇప్పుడు ఇలాగే ఇస్తాం, మాడ్యూల్ ఆప్షన్లుగా కాదు. ఏమేం మార్చుకోవచ్చో '--లిస్ట్-సీటీఆర్‌ఎల్‌ఎస్' చూపిస్తుంది.

రెండు కెమెరాలు ఒకేసారి నడిపేవాళ్ళకు 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అనే తప్పు రావచ్చు. డిస్క్ నిండిందని నాన్న ఫొటోలు చెరపబోయారు, ఆపాను. నిండింది యూఎస్‌బీ దారి. 640 బై 480 బొమ్మను కుదించకుండా సెకనుకు 30 సార్లు పంపితే, ఒక్కో చుక్కకు 2 బైట్ల చొప్పున సెకనుకు సుమారు 18.4 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0లో ఒక కెమెరా ఇలాంటి ప్రసారానికి రిజర్వు చేసుకోగల గరిష్ఠం దాదాపు 24.6. రెండోది చాలాసార్లు అదే దారిలో ఇరకదు. రెండోదాన్ని వేరే కంట్రోలర్ కింద ఉన్న పోర్టుకు మార్చండి, లేదా ఫార్మాట్‌ను బొమ్మను కుదించి పంపే ఎంజేపెగ్‌కు మార్చండి.

సాగనంపకూడని సందర్భం

కెమెరా యూవీసీ కాదు, కార్డ్‌లిస్ట్‌లోనూ లేదు, బయటి డ్రైవర్ మాత్రం నడుస్తోంది. అప్పుడు దాన్ని ఉండనివ్వండి. కొత్త ల్యాప్‌టాప్‌ల సంగతి ఇంకోలా ఉంది. వాటిలో కొన్నిటి కెమెరా యూఎస్‌బీ మీదే ఉండదు, 'ఎల్ఎస్‌యూఎస్‌బీ'లో కనిపించదు. ఇంటెల్ ఐపీయూ6 అనే కెమెరా వ్యవస్థ ఉన్నవాటికి చాలాకాలం బయటి డీకేఎంఎస్ డ్రైవర్లే దిక్కు. దాని ముఖ్యభాగం 2024లో వచ్చిన 6.10 కెర్నల్‌లో చేరింది, మిగతా బొమ్మ పని లిబ్‌క్యామెరా అనే లైబ్రరీ చూసుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లోని సెన్సర్‌కు కూడా కెర్నల్‌లో డ్రైవర్ ఉంటేనే అది మొత్తం పనిచేస్తుంది. కాబట్టి అక్కడ తొందరపడి తీయకండి, ముందు కొత్త కెర్నల్‌తో లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ చేసి బొమ్మ వస్తుందేమో చూసుకోండి.

నాన్న కెమెరా విషయానికొస్తే, బ్లాక్‌లిస్ట్ ఫైల్‌ను ఆయన చేతే చెరిపించాను. డ్రైవర్ సోర్స్ టార్‌బాల్ హోమ్ ఫోల్డర్‌లో ఇంకా ఉంటే దాన్నీ, కెర్నల్ మారినప్పుడల్లా నడపమని నేను రాసిచ్చిన స్క్రిప్టునూ తీసేయించాను. ఆ తర్వాత కెర్నల్ మూడుసార్లు మారింది. కెమెరా గురించి ఫోన్ ఒక్కసారే వచ్చింది: ఫోకస్ రింగ్ వదులై, గడియారం చూపిస్తుండగా దానంతటదే తిరిగిపోతోందట. టేపు చుట్టమన్నాను.